ఎవరైనా పిలిస్తే వదిలేయగలిగే కుట్టు

సెప్టెంబర్ 2025, ఎంగిలిపూలకు ముందు

బీరువా కింది అరలో ఇప్పుడు నాలుగు జిప్ కవర్లున్నాయి. అన్నీ క్రాస్ స్టిచ్ పనులే, బట్ట మీది గడి గడికీ ఇంటూ గుర్తులా కుట్టేవి. ఒకదాంట్లో వరంగల్ కోటలోని కళాతోరణం, 16 కౌంట్ ఐడా బట్ట మీద, అంటే అంగుళానికి 16 గళ్లుండే బట్ట. రెండోదాంట్లో బతుకమ్మ, 14 కౌంట్. ఇది కరీంనగర్‌లో ఇల్లు కట్టుకుంటున్న మా చిన్న ఆడబిడ్డకు. కార్తీకంలో గృహప్రవేశం అంటున్నారు, అప్పటికి ఫ్రేము కట్టించి ఇవ్వాలి. మూడోది టేబుల్ నడుమ పొడవుగా పరిచే రన్నర్, మ్యాటీ బట్ట మీద ఒకే ఒక్క ఎర్ర దారంతో. నాలుగోది ఎప్పుడో ఆఫర్‌లో కొన్న వినాయకుడి కిట్. దాని సంగతి తర్వాత.

“ఒకటి ఒడిసినంక ఇంకోటి పట్టుకోరాదు బిడ్డా” అంటుంది అత్తమ్మ. మాట సబబే. కానీ నాకు దొరికే సమయం ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. పొద్దున పిల్లలిద్దరూ వెళ్లాక కుక్కర్ కూతల మధ్య కాసేపు. సాయంత్రం చిన్నోడి హోంవర్క్ పక్కన కూర్చుని కాసేపు. రాత్రి అందరూ టీవీ ముందున్నప్పుడు ఇంకాసేపు. ఈ మూడు వేళల్లో వెలుతురు వేరు, చప్పుడు వేరు, నా ఓపిక వేరు. పొద్దున చేయగలిగిన పని రాత్రి చేయలేను. అందుకని ఏది ముందు పూర్తవుతుంది అని చూడటం మానేశాను. ఎవరైనా పిలిస్తే ఏది ఎంత సులువుగా వదిలేసి లేవొచ్చు, మళ్లీ ఎంత సులువుగా అందుకోవచ్చు అన్నదే నా లెక్క.

ఆ లెక్కలో రన్నర్‌కు మొదటి స్థానం. డిజైను మా కొత్తవాడ జంపఖానాల అంచు నుంచి తీసుకున్నది. మగ్గం మీద నేసేది కాబట్టి అందులో ఏటవాలు గీత కూడా మెట్లు మెట్లుగానే వస్తుంది, అంటే క్రాస్ స్టిచ్‌కు అచ్చంగా సరిపోతుంది. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఇంట్లో మాత్రం అత్తమ్మ పెళ్లప్పటి జంపఖానా ఇంకా మంచం మీద పరుచుకుంటున్నాం. మూడు ముందుకు, ఒకటి కిందికి, మళ్లీ మూడు. చార్ట్, అంటే ఏ గడిలో ఏ రంగో చూపించే కాగితం, చూడక్కర్లేదు. మాట్లాడుతూ కుట్టొచ్చు, చిన్నోడికి ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ కూడా కుట్టొచ్చు.

తోరణం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఫొటో పెట్టుకుని గ్రాఫ్ పేపర్ మీద చార్ట్ నేనే గీసుకున్నాను. వెడల్పు 160 గళ్లు, ఎత్తు 128. పదహారుతో భాగిస్తే 10 అంగుళాలు, 8 అంగుళాలు. మొత్తం బూడిద రంగులే: డీఎంసీ కంపెనీ దారాల నంబర్లలో 762, 415, 318, 414, 317, 413. ట్యూబ్‌లైట్ కింద 415నీ 318నీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. విడిగా ఒక పోగు చేతికిస్తే ఏది ఏదో చెప్పలేను. కాబట్టి తోరణానికి పగటి వెలుతురే కావాలి, అదీ బాల్కనీలో, అదీ ఆదివారం టిఫిన్లయ్యాక. ఎవరైనా “అమ్మా, నా సాక్స్ ఎక్కడ” అన్నారంటే లెక్క గల్లంతే.

బతుకమ్మ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. 112 గళ్ల వెడల్పు, 140 గళ్ల ఎత్తు, అంటే సరిగ్గా 8 బై 10. బట్ట మాత్రం చుట్టూ మూడేసి అంగుళాలు వదిలి 14 బై 16 కత్తిరించాను. ఫ్రేము కట్టేటప్పుడు అంచు చాలకపోతే చేసేదేమీ ఉండదు.

ఎంగిలిపూల ముందు వారం

పండగ పనులు మొదలు. ఇల్లు దులపడం, గోడల బూజు, పరుపుల ఎండ. సూది ముట్టుకోలేదు కానీ ఒక మంచి పని జరిగింది: బతుకమ్మ బట్ట మీద గళ్ల గీతలు గీసేశాను.

మధ్యలో లేవాల్సి వచ్చే ఆడవాళ్లకు ఇంతకుమించిన ఉపాయం లేదని నా అభిప్రాయం. నీళ్లకు పోయే నీలం పెన్నుతో బట్ట మీద ప్రతి పది గళ్లకూ అడ్డం, నిలువు గీతలు. చార్ట్ మీద కూడా పదేసి గళ్లకు లావు గీత ఉంటుంది కాబట్టి రెండూ కలుస్తాయి. ఇక బట్ట ఆ చివరి నుంచి ఈ చివరిదాకా లెక్కపెట్టక్కర్లేదు, ఉన్న పది గళ్లలోనే లెక్క. తప్పు వచ్చినా ఆ పదిలోనే బయటపడుతుంది. ఒక జాగ్రత్త ఉంది. ఈ పెన్ను గీతల మీద ఇస్త్రీ పెట్టకూడదు, వేడికి రంగు బట్టలో దిగిపోతుంది. ముందు చన్నీళ్లలో ముంచి గీతలన్నీ పోయాయో లేదో చూసుకుని, ఆరాక ఇస్త్రీ.

ఫోన్లో చార్ట్ పెట్టుకుని కుట్టిన గడి మీద వేలితో నొక్కి రంగు మార్చుకునే యాప్‌లున్నాయి. బాగుంటాయట. మా ఇంట్లో ఫోను నా చేతిలో ఉండే సమయం చాలా తక్కువ. కాగితం, పసుపు హైలైటర్‌తో నేను సుఖంగా ఉన్నాను.

సద్దుల ముందురోజు

వాకిట్లో తంగేడు కట్టలు, గునుగు కుప్పలు. అత్తమ్మ గునుగు చివళ్లు సమానంగా కోసి, కట్టలు కట్టి రంగు నీళ్లలో ముంచుతోంది. నాకు అప్పుడు తోచింది, దారాలు తెచ్చి పూల పక్కన పెట్టి చూద్దామని.

చార్ట్‌లో తంగేడుకు 973 వేసుకున్నాను, మెరిసే నిమ్మ పసుపు. పువ్వు పక్కన పెడితే దారం ప్లాస్టిక్ పువ్వులా కనబడింది. తంగేడు రేకు అంత గట్టి పసుపు కాదు, అంచు కొద్దిగా ముడతపడి ఉంటుంది, లోపలికి వచ్చేసరికి వెచ్చగా మారుతుంది, నడుమ కేసరాలు గోధుమరంగు. 743 తీసి పెడితే కుదిరింది. అంచుల్లో అక్కడక్కడ 973 ఉంచాను. బంతికి 740, 741, వాటిని మార్చలేదు.

గునుగుతో ఎక్కువసేపు పట్టింది. చార్ట్‌లో ముద్ద గులాబీ గీశాను. కానీ రంగులో ముంచని గునుగు చూస్తే కింద వెండి తెలుపు, కొసన మాత్రం గులాబీ ఛాయ. అందుకని సూదిలో ఒక పోగు 3609, ఒక పోగు తెలుపు కలిపి ఎక్కించాను. కుట్టుకు కుట్టుకు రంగు కొంచెం కొంచెం తేలుతూ మునుగుతూ వస్తుంది. ఒక్క ఇబ్బంది, మామూలుగా నేను ముడి లేకుండా మొదలుపెట్టే పద్ధతి ఇక్కడ పనిచేయదు. ఆ పద్ధతి ఏమిటంటే, రెండు మూరల పొడవున ఒకే పోగు తీసి మధ్యకు మడిచి, రెండు కొసలూ కలిపి సూదిలోకి ఎక్కించాలి. మొదటి కుట్టు వెనక ఉచ్చు మిగులుతుంది, సూదిని అందులోంచి దూర్చి లాగితే బిగుసుకుంటుంది. ముడి లేదు, వెనక గడ్డ లేదు. రెండు వేర్వేరు రంగుల పోగులైతే ఉచ్చు రాదు కదా, వాటిని మాత్రం కొస పట్టుకుని మొదటి నాలుగైదు కుట్ల కింద నొక్కి పెట్టాలి.

“పూలను సూశి దారం తెచ్చినవా, దారాన్ని సూశి పూలు తెచ్చినవా” అంది అత్తమ్మ, నా ముందున్న గందరగోళం చూసి.

అక్టోబర్

బతుకమ్మే బతుకమ్మ. మిగతా మూడు కవర్లు ముట్టలేదు. కార్తీకం దగ్గరపడుతోందని టెన్షన్.

తంగేడు వరస పెద్దది కాబట్టి ముందు వరసంతా ఒంటి వాలు (ఇంటూలో ఒక గీత) కుట్టి, తిరుగు ప్రయాణంలో రెండో వాలు వేయాలని అనుకున్నాను. దారం కూడా కాస్త ఆదా అవుతుంది. మా ఇంట్లో అది సాగలేదు. వెళ్తున్నప్పుడు కుక్కర్, వస్తున్నప్పుడు కొరియర్, ఆ మధ్యలో వదిలిన సగం కుట్లు ఎక్కడిదాకా ఉన్నాయో వెతుక్కోవడమే పని. ఇప్పుడు ప్రతి గడికీ రెండు వాలులూ వేసి ముందుకు కదులుతున్నాను. ఏ నిమిషంలో లేచినా చేసినంత వరకు పూర్తి కుట్లే ఉంటాయి. పై వాలు మాత్రం బట్టంతా ఒకే దిక్కుకు ఉండాలి, లేకపోతే వెలుతురు పడగానే పట్టుబడుతుంది.

సగానికి వచ్చేసరికి 743 అయిపోవచ్చింది. 8 మీటర్ల లచ్చికి, 14 కౌంట్ మీద రెండు పోగులతో, పారేసే ముక్కలు కలుపుకుని 1,500 కుట్లు అని నా లెక్క. హన్మకొండలో మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లి నంబరు చెబితే “చీర తెచ్చారా మేడమ్, చూసి ఇస్తా” అన్నాడు ఆ అబ్బాయి. వాళ్ల దగ్గర ఉన్నది యాంకర్ అనే వేరే కంపెనీ దారం. పట్టిక చూసి డీఎంసీ నంబరుకు దగ్గరి యాంకర్ నంబరు ఇస్తారు కానీ అది దగ్గరిదే, అదే కాదు. తంగేడు పసుపులో ఆ తేడా తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించాను. రన్నర్‌కైతే మొదటి నుంచీ యాంకర్ ఎరుపే, లచ్చిలన్నీ ఒకేసారి కొన్నవి. ఒక్క రంగు పనికి అది తప్పనిసరి.

అక్టోబర్ చివర

మొంథా తుపాను. వరంగల్, హన్మకొండ కాలనీలు చాలా వరకు నీళ్లలోనే. మా వీధిలో గేటు దాకా వచ్చి ఆగాయి. బియ్యం బస్తా, పిల్లల పుస్తకాలు, సర్టిఫికెట్ల ఫైలు, వాటితో పాటు నా నాలుగు కవర్లూ బీరువా మీదికి ఎక్కాయి. “గవి గూడా నా?” అన్నాడు మా ఆయన. సర్టిఫికెట్‌కు డూప్లికేట్ వస్తుంది, దీనికి రాదు అన్నాను. నవ్వాడు కానీ ఎక్కించాడు.

కరెంటు లేదు. టార్చ్ వెలుతురులో కుట్టగలిగింది రన్నర్ ఒక్కటే.

నవంబర్

ఆడబిడ్డ ఫోన్. వానలకు టైల్స్ పని ఆగిపోయింది, కార్తీకంలో కాదు అన్నారు. తర్వాత చూద్దామంటే నవంబర్ చివర్నుంచి ఫిబ్రవరి మధ్యదాకా శుక్ర మూఢం, ముహూర్తాలు లేవు. అంటే ఫాల్గుణమే. “మూడు నెలల కిరాయి దండుగ వదినా” అని ఒకటే బాధ. నేను అయ్యో అన్నాను, నిజంగానే అన్నాను. ఫోన్ పెట్టగానే తోరణం కవరు విప్పాను.

ఎడమ సగం నడుస్తోంది. తోరణం రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి చార్ట్ సగమే గీశాను. కుడి సగానికి అదే చార్ట్‌ను కుడి నుంచి ఎడమకు చదువుకోవాలి. అద్దంలో తిరగేసినట్టు డిజైను తిరుగుతుంది కానీ కుట్టు వాలు తిరగకూడదు. చేతికి అది కొత్త, మొదట్లో ప్రతి గడికీ ఆగి ఆలోచించాల్సి వస్తుంది. కోటలో నాలుగు దిక్కులా నిలబడ్డ ఈ తోరణాలను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. రాష్ట్ర చిహ్నంలో కూడా ఉన్నదిదే. కుట్టేదాకా మాత్రం వాటిలో ఎంత పని ఉందో కంటికి ఆనలేదు. వేలాడే తామర మొగ్గలు, దండల మెలికలు, తీగలుగా సాగే తోకల పక్షులు. ఒక మొగ్గ నా చార్ట్‌లో ఏడు గళ్ల వెడల్పు. ఏడు గళ్లలో గుండ్రం చూపించాలంటే నడుమ 762, పక్కన 415, అంచున 317. మధ్య రంగు ఒకటి తీసేస్తేనే మొగ్గ ముందుకు వచ్చింది. నాలుగు ఛాయలూ పెడితే మసకబారింది. రాయిని కుట్టడంలో నాకు అర్థమైంది ఇదొకటే, ఛాయలు పెంచితే రాయి మెత్తబడుతుంది.

వినాయకుడి కిట్ సంగతి. ఈసారి తేల్చేశాను. చార్ట్‌లో సగం గుర్తులు ఒకదానికొకటి తేడా తెలియవు, దారాలకు నంబర్లు లేవు, ఏది అయిపోయినా మళ్లీ దొరకదు. ఇలాంటివి ఎంత చౌకగా వచ్చినా కొనొద్దు. బట్టలో కుట్టని భాగం చిన్నోడికి కత్తిరించి ఇచ్చాను. కుట్టిన చెవి, సగం తొండం మడిచి పెట్టాను. దేవుడి బొమ్మ కదా, చెత్తలో వేయడానికి చేతులు రాలేదు.

అదే వారం పులిహోర కలుపుతూ అత్తమ్మ లేచి వచ్చి, రన్నర్ ఎంతవరకు వచ్చిందో చూద్దామని అంచు పట్టుకుంది. తెల్ల బట్ట మీద రెండు వేళ్ల పసుపు. సబ్బు పెట్టగానే ఎర్రబారింది. ఆమె ముఖం చూడలేకపోయాను. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడటం మామూలే, కడిగితే మళ్లీ పసుపే. డాబా మీద ఎండలో పరిచాం. పసుపు మరకకు ఎండకు మించిన మందు లేదు, రోజురోజుకూ వెలిసింది. మొత్తం పోయిందాకా రోజూ పొద్దున ఆమే తీసుకెళ్లి ఆరేసింది. రంగు పోయే దారమైతే ఆ ఎండ పెట్టనిచ్చేదాన్ని కాదు, యాంకర్ ఎరుపు నిలబడింది.

జనవరి 2026

సంక్రాంతికి సకినాలు. చేతికి నూనె, నువ్వులు, పిండి. కవర్లన్నీ బందు.

నెల చివర మేడారం జాతర. మా ఆయన మొక్కు, చిన్నోడి నిలువెత్తు బంగారం. వాడి బరువుకు సరిపడా బెల్లం తూయించాలి. నేను చేతి సంచిలో రన్నర్ పెట్టుకున్నాను. ములుగు దాటాక బండ్లు ఆగిపోయాయి, బస్సు కదలదు. కుడుతుంటే పక్క సీట్లో కూర్చున్న లంబాడీ అవ్వ చెయ్యి చాపింది. నేను పై వైపు చూపించాను. ఆమె ముందు వెనక్కి తిప్పింది. వెనక దారాలు ఎట్లా పోతున్నాయో గోటితో తడిమింది. “ముడుల్లెవ్వు, మంచిగ కుడ్తున్నవ్” అని, బట్టను కిటికీ వెలుతురుకు పట్టి, “దీనికి బొక్కలు ముందుగాల్నే ఉన్నయ్ గదా. మేం బట్టల పోగులు లెక్కవెట్టుకుంట కుడ్తుంటిమి” అంది. రవిక చేతి మీద పాత కుట్టు చూపించింది. అద్దం చుట్టూ అడ్డం నిలువు వాలులు, ఒక్కొక్కటి బియ్యపు గింజంత. నా 16 కౌంట్ గొప్పలన్నీ అక్కడే దిగిపోయాయి.

తిరిగి వచ్చేసరికి రన్నర్ మూడో వంతు మిగిలింది.

చిన్నోడు వినాయకుడి బట్ట ముక్క మీద క్రికెట్ బ్యాటు కుడుతున్నాడు. వాడికి 24 నంబరు సూది ఇచ్చాను, మొన మొద్దుగా ఉంటుంది, గుచ్చుకోదు. పై వాలు ఒక్కోటి ఒక్కో దిక్కుకు ఉంది. చెప్పలేదు.

ఫిబ్రవరి

బిడ్డకు ఇంటర్ పరీక్షలు దగ్గరపడ్డాయి. రాత్రి అది చదివినంతసేపూ పక్కన ఎవరో ఒకరం మేల్కొని ఉండాలి, ఒక్కతే అయితే నిద్రొస్తుందట. ఇదివరకెప్పుడూ దొరకని సమయం ఇది. రెండు గంటలు ఒక్కరూ పిలవరు, ఇల్లంతా నిశ్శబ్దం, నేను మాట్లాడటానికి వీల్లేదు. తోరణానికి సరిగ్గా సరిపోయేదే, రాత్రి కాబట్టి రంగులు తెలియవు కానీ. అందుకని పగలే ఒక్కో సూదిలో ఒక్కో బూడిద రంగు ఎక్కించి, ఫోమ్ ముక్కకు గుచ్చి, పక్కన నంబరు రాసి పెట్టుకున్నాను. రాత్రి రంగు చూడక్కర్లేదు, నంబరు చూస్తే చాలు. ఇది ముందే ఎందుకు చేయలేదు అని అడిగింది బిడ్డ, ఫిజిక్స్ పుస్తకంలోంచి తలెత్తి. “చదువుకో” అన్నాను.

బతుకమ్మ పూర్తయింది. చివర్లో ఒకే పోగుతో బ్యాక్ స్టిచ్, అంటే గీతలా వచ్చే కుట్టు, తాంబాళం అంచుకూ గుమ్మడి ఆకు ఈనెలకూ. పూలకు గీత వేయలేదు. చార్ట్‌లో ఉంది కానీ వేసి చూస్తే పిల్లల రంగుల పుస్తకంలా బిగుసుకుపోయింది, విప్పేశాను. తర్వాత చన్నీళ్లలో నానబెట్టాను. నీలం గీతలు పోయాయి. ముదురు గులాబీ దగ్గర కొంచెం రంగు దిగుతున్నట్టనిపించి, ఆరనివ్వకుండా కుళాయి కింద పట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగాను. రంగు దిగే బట్టను తడిగా వదిలేస్తేనే పక్క కుట్లకు అంటుకుంటుంది. తువాలు మీద బోర్లా పరిచి, వెనక నుంచి ఇస్త్రీ.

ఫ్రేము షాపులో బట్టను అట్టకు గమ్ముతో అతికిస్తామన్నారు. వద్దన్నాను. గమ్ము కొన్నేళ్లకు పసుపు తేలుతుంది, ఇక బట్ట ఊడిరాదు. ఇంటికి తెచ్చి, ఫోమ్ బోర్డు మీద పరిచి, వెనక ఈ అంచు నుంచి ఆ అంచుకు దారం లాగి నేనే బిగించాను. ముందు నిలువు, తర్వాత అడ్డం, గళ్ల వరస వంకర పోకుండా నడుమ నుంచి అంచులకు. అద్దం కుట్లకు తగలకుండా మధ్యలో మౌంట్ అట్ట పెట్టమని చెప్పి ఇచ్చాను. వాళ్లకు కోపం వచ్చింది కానీ పెట్టారు.

ఫాల్గుణంలో ముహూర్తం ఖాయమైంది. ఫొటో పంపితే ఆడబిడ్డ వెంటనే ఫోన్ చేసింది, “వదినా, గునుగు పువ్వు నిజం దానిలెక్కనే ఉంది. దేవుడర్ర గోడకు పెడ్తా” అని. ఆ వెంటనే, “హాల్ల సోఫా ఎన్క గోడ ఖాళీగనే ఉంది, గా కోట తోరణం కూడా...” అంది. అది మా ఇంటికి అన్నాను.

ఇప్పటి పరిస్థితి: తోరణం ఎడమ సగం అయిపోయింది, కుడి వైపు రెండు మొగ్గలు వచ్చాయి. 318 ఒక లచ్చి తక్కువ పడేలా ఉంది, తెప్పించి పాత లచ్చి పక్కన పెట్టి చూడాలి, కలవకపోతే కొత్తదాన్ని కింది దిమ్మెల్లో వాడేస్తాను, అక్కడ తేడా కనబడదు. రన్నర్ ఉగాదికి టేబుల్ మీదికి రావాలి. ఖాళీ అయిన కవర్లోకి ఏం వస్తుందో అప్పుడే చెప్పను, అత్తమ్మ వింటోంది.